క్లాసు కిటికీకి ఎదురుగా

ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్ ఎదురుగా మా అప్పలరాజు కిళ్ళీకొట్టు ఉంది. పిల్లల కంట పడకూడదని నేనే గొడవపెట్టి, సిగరెట్ పెట్టెలన్నీ బల్ల కింద పెట్టించాను. ఈ సాయంత్రం మీసమైనా రాని ఇంటర్ కుర్రాడొకడు వచ్చి సిగరెట్ అడిగాడు. అప్పలరాజు ఇవ్వనన్నాడు.

"ఇక్కడ సిగరెట్లున్నాయని నీకెవరు చెప్పార్రా?" అని గద్దించాను.

"రోజూ మీరు ఈ తాడు కాడ ముట్టించుకుంతారు కదండీ. మా క్లాసు కిటికీలోంచి కనిపిత్తాదండి," అన్నాడు.

కొట్టుకి వేలాడే ఆ నిప్పు తాడు అప్పటికీ నా చేతిలోనే ఉంది. పెట్టెలు దాచాం గానీ, వాటి ముందు నిలబడే నన్నెవరూ దాచలేదు. వాడికి బుద్ధి చెప్పే మొహం నాకైతే లేదు. మీలో ఎవరికైనా ఉందా?