లేని బస్సుకు క్యూ

బస్టాండులో ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. డ్రైవర్లకూ, కండక్టర్లకూ, ఊడ్చేవాళ్లకూ ఆమె మైకత్తయ్యే. మేడ మీద అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో మైకులో చెప్పడం ఆమె ఉద్యోగం. అంతటితో ఊరుకుంటే మైకత్తయ్య ఎందుకవుతుంది? "కిటికీ పక్కవాళ్లు చేతులు లోపల పెట్టుకోండి నాయనా, పోతే మళ్లీ మొలవవు" అని ఓ ముక్క తగిలించాల్సిందే. మైకు దొరికాక ఆమెను ఆపడం బ్రహ్మతరం కూడా కాదు. "ఈవిడకు స్విచ్చు ఎక్కడుందో ఇన్నేళ్లయినా కనిపెట్టలేకపోయాను" అని భర్త చుట్టాల ముందు వాపోయేవాడు.

ఇక నోట్లో నువ్వుగింజ నానదు. అబద్ధం ఆడాలంటే గొంతు వణికి తనే పట్టుబడిపోతుంది. అలాంటి మనిషి నెత్తిన పడింది పదిహేడో నంబరు బస్సు.

నిజానికి ఆ నంబరు బస్సే లేదు. ఎవరైనా పిల్లల్ని ఎత్తుకుపోయారని పోలీసుల నుంచి కబురొస్తే, ఆ సంగతి మైకులో చెప్పకూడదు, ఎత్తుకొచ్చినవాడూ వింటాడు. అందుకని బస్టాండువాళ్లు ఒక ఏర్పాటు చేసుకున్నారు. పదిహేడో నంబరు వస్తోందని మైకులో వినపడగానే డ్రైవర్లు బస్సులు కదపరు, కాపలావాళ్లు గేట్లు మూస్తారు, మిగతా అందరూ ఫోన్లో వచ్చిన ఆనవాళ్లు చూసుకుని పిల్లల మొహాలు వెతుకుతారు. ఒకే వాక్యం చెప్పాలి, పైన ఒక్క మాట కూడా వద్దని మేనేజరు ఆమెకు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు.

ఒక మధ్యాహ్నం అతను రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

"అక్కా, పదిహేడు! నిజంగానే. బడి దగ్గర నాలుగేళ్ల పాప. ఎవడో 'మీ అమ్మ రమ్మంది' అని ఎత్తుకొచ్చేశాడట. పసుపు గౌను. ఇటువైపే వచ్చాడంటున్నారు."

ఆమె మైకు దగ్గరికి జరుపుకుంది. తన గొంతు వణికితే వాడు పసిగడతాడు. ఏ గోడో దూకి జారుకున్నాడంటే పాప మళ్లీ దొరకదు. స్విచ్చు నొక్కింది.

"పదిహేడో నంబరు బస్సు చివరి ప్లాట్‌ఫారానికి వస్తోంది."

ఇక ఆపాలి. కానీ ఆపితే ఏడుపొచ్చేలా ఉంది. ఏడుపును మింగడానికి ఆమెకు తెలిసిన మందు ఒక్కటే, మాట్లాడటం.

"ఈ బస్సు మధ్యలో ఎక్కడా ఆగదు నాయనా, నేరుగా రాష్ట్రం సరిహద్దు దాకా పోతుంది. సీట్లన్నీ ఖాళీ. పిల్లలున్నవాళ్లను ముందు ఎక్కిస్తారు, తోసుకోకండి."

ఆమె స్విచ్చు ఆపగానే మేనేజరు తల పట్టుకున్నాడు. "లేని బస్సుకు సీట్లేంటక్కా!"

కింద జనం మూటాముల్లె ఎత్తుకుని చివరి ప్లాట్‌ఫారానికి పరుగు తీశారు. మిగతా బస్సులు ఒక్కటీ కదలడం లేదు మరి. "ఇంత మంచి బస్సు ఇన్నాళ్లూ ఎందుకు వెయ్యలేదయ్యా?" అని ఒక పెద్దాయన నిలదీస్తే, కండక్టరు నవ్వు బిగబట్టి "ఇవాళే మొదలు తాతా" అన్నాడు. మెకానిక్కులు కూడా మసి చేతులతో వచ్చి క్యూలో కలిశారు.

మైకత్తయ్య అద్దానికి ముక్కు ఆనించి చూస్తోంది. టోపీ పెట్టుకున్న ఒకడు జనాన్ని తప్పించుకుంటూ క్యూ ముందుకు వచ్చాడు. పిల్లలున్నవాళ్లను ముందు ఎక్కిస్తారని విన్నాడు కదా! వాడి చంకలో పాప ఉంది. పాపకు పైన మగపిల్లాడి చొక్కా తొడిగాడు గానీ, దాని కింద పసుపు అంచు కనిపిస్తూనే ఉంది. పాప నిమ్మళంగా బిస్కెట్టు నములుతోంది.

"వాడే! టోపీ!" అంది. మేనేజరు కిందికి ఫోను చేశాడు.

ఊడ్చే ఆవిడ చీపురు పక్కన పెట్టి పాప దగ్గరికి వెళ్లింది. "బుజ్జీ, నాకో ముక్క పెట్టవూ?" అని చేతులు చాచింది. పాప ముందుకు వంగిందో లేదో, ఆవిడ లాక్కుని గుండెకు హత్తుకుంది. మెకానిక్కులు వాడి రెక్కలు దొరకబుచ్చుకున్నారు. పోలీసులు వచ్చేదాకా వాడు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు. "వాడి సీటు నాకివ్వండి" అన్నాడు పెద్దాయన.

పాపను అద్దాల గదికి తెచ్చారు. తల్లి బడి దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చి, మూసిన గేటు అవతల గుంపులో చిక్కుకుందని కాపలావాడు ఫోన్లో చెప్పాడు. "పాప దొరికిందని మైకులో చెప్పక్కా" అన్నాడు మేనేజరు.

ఆమె నోరు తెరిచింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో మొట్టమొదటిసారి మైకత్తయ్యకు మాట రాలేదు. కళ్ల నీళ్లు మాత్రం ధారలు కట్టాయి. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, మైకు ఆ చిన్న నోటి ముందుకు వంచి, స్విచ్చు నొక్కింది.

"అమ్మా! నువ్వు రమ్మన్నావంటగా, వచ్చేశా. నువ్వెక్కడున్నావు?"

బస్టాండంతా వినపడింది. గేటు అవతల నుంచి ఒక కేక లేచింది. తీయమని ఇంకా ఎవరూ చెప్పలేదు, అయినా కాపలావాడు గేటు తీసేశాడు.