ఫిరంగి కాపలా దిగిన ఆదివారం

బజార్లో ఆయన్ని అందరూ ఫిరంగి అనేవాళ్ళు. ఎదురుగా కాదు లెండి, అంత గుండె ధైర్యం ఎవరికుంది! సైన్యంలో పద్దెనిమిదేళ్ళు చేసి వచ్చి టైర్ల షాపు పెట్టాడు. తలుపు ధడాలున పడితే మంచం కింద దూరే మనిషికి టైర్లు పేలే చోట పనేమిటని నవ్వుకునేవాళ్ళు. తను చేసే చప్పుడు ఎప్పుడొస్తుందో తనకి ముందే తెలుసు కదా. ఆపాటి సంగతి నవ్వేవాళ్ళ బుర్రకెక్కలేదు.

ఆయన్ని వెనకనుంచి ముట్టుకోకూడదు. లారీ డ్రైవరొకడు సరదాగా వీపు మీద చరిస్తే, టైరు విప్పే ఇనప కడ్డీతో వాడి మోచెయ్యి విరగ్గొట్టాడు. ఓ మధ్యాహ్నం అన్నానికి లేపబోయిన భార్య ముక్కు పగలగొట్టాడు. అలాంటప్పుడు ఏడ్చినా బతిమాలినా ఆయన చెవికెక్కదు. ఆవిడే ఒక ఉపాయం కనిపెట్టింది. గొంతు బిగించి, "డ్యూటీ మారింది! దిగు!" అని అరిస్తే పట్టు సడలుతుంది.

పగిలిన ముక్కుకి గుడ్డ అదుముకుంటూ ఆవిడ తేల్చి చెప్పేసింది. "ఇంకొక్కసారి ఎవరి మీదైనా చెయ్యి చేసుకున్నావో, పిల్లని తీసుకుని మా అన్నయ్య దగ్గరికి పోతా. నీ మీద కోపం కాదు. భయం."

కోపమైతే ఆయన భరించేవాడే. భయమన్నది కాబట్టి, ఆవిడ వెంట చర్చికి వెళ్ళడం మొదలుపెట్టాడు. చివరి బెంచీ, వీపుకి గోడ. ప్రార్థనలో అందరి తలలూ వంగితే ఆయన కళ్ళు మాత్రం తెరుచుకునే ఉండేవి. సైన్యంలో ఉండగా ఒక పొగమంచు పొద్దున, కందకంలో, తన కాపలా మార్చాల్సినవాళ్ళు రెండు రోజులైనా రాక, ఆయన ఒక్క నిమిషం కళ్ళు మూశాడు. తెరిచేసరికి పక్కనున్న నేస్తం గొంతు తెగిపోయి ఉంది. వెచ్చటి రక్తం ఈయన ఒళ్ళోకి కారుతోంది. కోసినవాడి మెడ రెండు చేతులా పట్టి పిసికాడు. వాడి కాళ్ళు కొట్టుకోవడం ఆగాక కూడా పిసుకుతూనే ఉన్నాడు.

ఒక ఆదివారం గోడకి సున్నం వేస్తున్నారని చివరి బెంచీ తీసేశారు. మధ్యలో కూర్చోవాల్సి వచ్చింది. కష్టాల్లో ఉన్నవాళ్ళ వెనక పెద్దలు నిలబడి, భుజం మీద చెయ్యేసి ప్రార్థించడం ఆ చర్చిలో అలవాటు. సంఘపెద్ద అయిన దర్జీ మంచి మనసుతోనే చెయ్యేశాడు.

అంతే. బెంచీలు తలకిందులయ్యాయి. దర్జీ తల నేలకి ఠంగున తగిలింది. కళ్ళజోడు పగిలి కనుబొమ చీరింది. మెడ ఫిరంగి గుప్పిట్లో ఉంది, ముఖం నల్లబడుతోంది. భార్య మూడుసార్లు అరిస్తే గాని ఆ వేళ్ళు విడలేదు.

ఆవిడ తిన్నగా ఇంటికెళ్ళి పెట్టె సర్దింది.

బుధవారం దర్జీ టైర్ల షాపుకొచ్చాడు. మెడ మీద వేళ్ళ అచ్చులు, కనుబొమకి కుట్లు. ఎదురుగా వచ్చి, దూరంనుంచే పిలిచాడు.

"ఊరందరికీ కుట్లేసేవాణ్ణి. నాకే వేయించావు కదయ్యా!"

ఫిరంగి నవ్వలేదు. "ఇక చర్చికి రాను. ఎవర్నో ఒకర్ని చంపేస్తాను."

"మీ ఆవిడ అరిచిందే, ఆ మాటేమిటి?"

ఫిరంగి చెప్పాడు. ఆవిడ అన్నయ్య దగ్గరికి వెళ్ళబోతోందనీ చెప్పాడు. కందకం సంగతి కూడా, మొదటిసారి నోరు విప్పి చెప్పాడు. దర్జీ అక్కడున్న టైరు మీద కూర్చుని విన్నాడు.

"అయితే నీ కాపలా మార్చేవాడు ఇంకా రాలేదన్నమాట," అన్నాడు. "ఆదివారం రా. ఆవిణ్ణి కూడా అప్పటిదాకా ఆగమను."

ఆ ఆదివారం ఆవిడ పెట్టె పట్టుకుని, పిల్లని వెంటపెట్టుకునే వచ్చింది. చర్చి అయ్యాక అన్నయ్య ఊరికి బస్సు. ప్రార్థనకి తలలు వంగగానే దర్జీ ఫిరంగికి కనబడేలా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"డ్యూటీ మారింది. దిగు, తమ్ముడూ. ప్రభువు పంపితే వచ్చాను. ఇప్పుడు నేను చూస్తుంటా."

ఫిరంగి ఆయన్ని తేరిపార చూశాడు. మెల్లగా ఒక కన్ను మూశాడు, తర్వాత రెండోది. అందరూ ఆమెన్ అన్నా తెరవలేదు. కూర్చున్నచోటే నిద్రపోయాడు.

జనం చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయారు. దర్జీ కదల్లేదు. కళ్ళజోడు లేక నాలుగడుగుల అవతలిది కూడా కనబడని కళ్ళతో గుమ్మం వైపు చూస్తూ కాపలా కాస్తున్నాడు. బయట బస్సు వెళ్ళిపోయింది. ఆవిడ పిల్లని ఒళ్ళోకి తీసుకుని, వచ్చి నిద్రపోతున్న భర్త భుజానికి ఆనుకుని కూర్చుంది.