ఒంటిగంట మేడమ్ గారు

మా రికార్డు మేడమ్ గారు పోయిన శుక్రవారం తెల్లవారుజామున కన్నుమూశారు. "ముందురోజు మధ్యాహ్నం కూడా పెరుగన్నంలో రసం పండు పిండుకుని తిన్నారు. పుల్లగా ఉందని నన్ను తిట్టారు కూడాను" అని ఆవిడ చెల్లెలి కూతురు ఫోన్లో చెప్పింది. ఏడుస్తూ మొదలుపెట్టిన పిల్ల ఆ మాట దగ్గరికొచ్చేసరికి నవ్వేసింది. నేనూ నవ్వాను. ఎనభై ఎనిమిదేళ్ళు బతికి, పండు పులుపు మీద ఫిర్యాదు చేసి వెళ్ళిపోవడం ఆవిడకే చెల్లింది.

ఆవిడని మీలో చాలామంది ఎరగరు. ఎనభైల్లో నూజివీడు శివార్లలో మామిడి రైతులు కలిసి నడుపుకునే అంటు మొక్కల నర్సరీ ఒకటి ఉండేది. అక్కడ ఆవిడ రికార్డు కీపరు, నేను టైపిస్టుని. అంట్లు చిన్నప్పుడు చూడ్డానికి అన్నీ ఒకలాగే ఉంటాయి. చిన్న రసమో, బంగినపల్లో, కలెక్టరో కాపుకొస్తేగాని మామూలు కంటికి తెలియదు. అందుకని ప్రతి మొక్కకీ నంబరు కొట్టిన రేకు బిళ్ళ కట్టేవాళ్ళం. ఆ నంబరు ఏ రకానిదో రిజిస్టరులో ఉండేది.

"మనం ఒక అంకె తప్పు రాస్తే ఆ సంగతి రైతుకి అయిదేళ్ళ తరవాత తెలుస్తుందమ్మా. అప్పటికి మనల్ని తిట్టుకునే ఓపిక కూడా ఉండదు ఆయనకి" అనేవారు మేడమ్ గారు.

ఆ దశాబ్దం చివర్లో నర్సరీ కమిటీవారు రిజిస్టరుని కంప్యూటర్లోకి ఎక్కించాలని తీర్మానించారు. ప్రతి గురువారం మేమిద్దరం బస్సెక్కి విజయవాడలో ఒక కంప్యూటర్ సెంటరుకి వెళ్ళేవాళ్ళం. అక్కడున్నది ఒకటే పెద్ద మిషను. దాన్నే లోపల నాలుగు మిషన్లున్నట్టు విడగొట్టి నలుగురికి ఇచ్చారు. తెర ముందు కూర్చుంటే మిషనంతా మాదే అనిపించేది. పక్క గదిలో మందుల కంపెనీ గుమాస్తాకీ అలాగే అనిపించేదట.

మొదటిరోజే సెంటరు మేనేజరు మాకు ధైర్యం చెప్పాడు. "రోజూ ఒంటిగంటకి మిషను మొత్తాన్ని టేపు మీదకి కాపీ తీసేస్తామండీ. మీరు పని ఆపక్కర్లేదు. రేపు ఏమైనా అయితే ఆ కాపీ ఎక్కిస్తాం, మిషను మళ్ళీ లేచి కూర్చుంటుంది."

"మేం రాస్తుండగా కాపీ తీస్తే, సగం రాసింది ఎలా వస్తుంది బాబూ?" అన్నారు మేడమ్ గారు.

"అంతా వచ్చేస్తుందండీ."

"లారీకి బుట్టలు ఎక్కిస్తుండగా లెక్కపెట్టి చూశారా ఎప్పుడన్నా? కింద లెక్కేసిన బుట్ట మళ్ళీ పైన కనిపిస్తుంది. కొన్ని అసలు కంటపడవు."

ఆయన నవ్వాడు. ఆవిడ వదల్లేదు. "పోనీ, మా రిజిస్టరొక్కటే పాడైందనుకోండి. అదొక్కటే టేపులోంచి తీసిస్తారా?"

మేనేజరు నవ్వు తగ్గింది. అలా కుదరదట. పెడితే మిషను మొత్తాన్నీ వెనక్కి పెట్టాలి. అప్పుడు మిగతా ముగ్గురు కాపీ తీసిన తరవాత చేసుకున్న పనీ పోతుంది.

ఆ రోజునుంచి ఆవిడ ఒక నియమం పెట్టారు. ఒంటిగంటకి పది నిమిషాలుండగా రాయడం ఆపి, రిజిస్టరు పద్ధతిగా మూసి, క్యారేజీ విప్పాలి. టేపు తిరగడం ఆగాకే మళ్ళీ తెరవాలి. "మిషను భోంచేస్తోంది, మనమూ కానిద్దాం" అంటూ ఆవకాయ ముక్క తీరిగ్గా చప్పరించేవారు. సెంటర్లో ఆవిడకి 'ఒంటిగంట మేడమ్' అని పేరు పడింది. వెటకారంగానే పెట్టారు.

ఒక వానాకాలం ఆవిడ చింతలపూడిలో బంధువుల పెళ్ళికి వెళ్ళారు. ఆ గురువారం నేనొక్కదాన్నే విజయవాడ వెళ్ళాను. ఆ వారమే షెడ్డులో ఉన్న అంట్లని, రైతులకివ్వడానికి సిద్ధంగా ఉంచే మడుల్లోకి మార్చాం. కంప్యూటర్లో కూడా ఒకచోట కొట్టేసి ఇంకోచోట రాయాలి. ఇంట్లో పిల్లాడికి జ్వరం. రెండింటి బస్సు అందుకోవాలి. ఒంటిగంట కావడం చూశాను. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుని టైపు చేస్తూనే ఉన్నాను. పనయ్యాక, చేత్తో రాసుకెళ్ళిన చీటీలు చింపి బుట్టలో పారేశాను. కాగితం రిజిస్టరుని కమిటీవారు అప్పటికే మాన్పించారు.

మర్నాడు పొద్దున్నే సెంటర్లో డిస్కు పాడైంది. గురువారం టేపు ఎక్కించారు. చెప్పినట్టే మిషను లేచి కూర్చుంది. కానీ మా రిజిస్టరు తెరిస్తే కొన్ని నంబర్లు షెడ్డులోనూ ఉన్నాయి, మడుల్లోనూ ఉన్నాయి. నూట నలభై మొక్కల నంబర్లు ఎక్కడా లేవు, అవి ఏ రకాలో తెలిసే దారి లేదు. ముందురోజు కాపీ ఇమ్మంటే, పాతదాని మీదే కొత్తది తీస్తామన్నారు. పది రోజుల్లో రైతులు మొక్కల కోసం వస్తారు.

మేడమ్ గారు పెళ్ళినుంచి వచ్చేదాకా నాకు అన్నం సహించలేదు. గేటు దగ్గరే చెప్పేశాను. "ఒంటిగంటకి నేను ఆపలేదండీ. పిల్లాడికి జ్వరమని తొందరపడ్డాను."

ఆవిడ జరిగిందంతా విన్నారు. పెళ్ళి లడ్డూల పొట్లం నా చేతిలో పెట్టి, "జ్వరం తగ్గిందా?" అన్నారు.

"తగ్గిందండీ."

"అయితే ఏడుపు మానెయ్. నువ్వు ఏడిస్తే కలెక్టరు రసమైపోదు. కాగితం, పెన్ను పట్టుకురా."

మూడు రోజులు మడుల్లోనే ఉన్నాం. అంటు కట్టే మేస్త్రి ఆ నూట నలభైలో ప్రతి మొక్కనుంచీ ఒక ఆకు తుంపేవాడు. అతనూ మేడమ్ గారూ నలిపి వాసన చూసి, చిగురు రంగు చూసి, ఒకరికి వినబడకుండా ఇంకొకరు నా చెవిలో రకం చెప్పేవారు. రెండు మాటలూ కలిస్తేనే నేను రాయాలి. రెండోరోజుకి మేడమ్ గారి ముక్కు మొరాయించింది. కాఫీ పొడి తెప్పించుకుని మధ్యమధ్య వాసన చూశారు. "ఇరవయ్యేళ్ళుగా ఇక్కడున్నాను, ఆకుల్లో ఇంత తేడా ఉందని నీ పుణ్యాన తెలిసింది" అన్నారు. దెప్పుతున్నారేమోనని మొహం చూశాను. నిజంగానే సంబరంగా ఉన్నారు.

పదకొండు మొక్కల దగ్గర ఇద్దరికీ కుదరలేదు.

"రసాలని రాసేయండమ్మా, ఎవరికి తెలుస్తుంది" అన్నాడు మేస్త్రి.

"పెంచినవాడికి తెలుస్తుంది. 'తెలియదు' అని రాయమ్మా" అన్నారావిడ. ఆ పదకొండింటినీ ఎవరికీ ఇవ్వకుండా నర్సరీ కంచె వెంబడి నాటించారు. మిగతావి అనుకున్న రోజుకే రైతులు తీసుకెళ్ళారు. కాపుకొచ్చాక ఒక్కరూ తప్పు రకమిచ్చారని వెనక్కి రాలేదు.

తప్పెవరిదని కమిటీవారు అడిగినప్పుడు, "రాస్తుండగా తీసిన కాపీదండీ" అని చెప్పి కూర్చున్నారు మేడమ్ గారు. నా పేరు ఆవిడ నోట రాలేదు. కాగితం రిజిస్టరు మళ్ళీ మొదలైంది. సెంటర్లో మా రిజిస్టరొక్కదానికే విడిగా ఒక టేపు పెట్టించారు. నెలకోసారి దాన్ని ఎక్కించి, తెరిచి, నాలుగు నంబర్లు సరిచూసేదాకా అక్కణ్ణుంచి కదిలేవారు కాదు. "తెరిచి చూడని కాపీ ఉన్నా లేనట్టే" అనేవారు.

మేనేజరు మంచివాడు. తన బల్ల మీద ఇత్తడి గంట ఒకటి పెట్టాడు. ఒంటిగంటకి పది నిమిషాలుండగా అది మోగితే నాలుగు గదుల్లోనూ రాయడం ఆగిపోయేది. మందుల కంపెనీ గుమాస్తా కూడా క్యారేజీ తెచ్చుకుని మాతో కూర్చునేవాడు. 'ఒంటిగంట మేడమ్' అన్న పేరు అలాగే ఉంది, వెనకాల 'గారు' చేరింది.

తరవాత నేను ఇంకా చాలా ఆఫీసుల్లో పనిచేశాను. తప్పు చేసి నా ముందుకొచ్చిన వాళ్ళని, ముందు ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం అడగడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

నాకు మాత్రం ఆవిడంటే గురువారం సాయంత్రం తిరుగు ప్రయాణమే. హనుమాన్ జంక్షన్లో బస్సు మారగానే కిటికీ సీటు పట్టేవారు. నూజివీడు దగ్గరపడి తోటలు మొదలయ్యేసరికి ఇంకా ఎండ ఉండేది. కొంగు బిగించుకుని చెయ్యి బయటికి చాపి, ఒక్కో మామిడి చెట్టునీ పేరు పెట్టి పలకరిస్తున్నట్టు, "బంగినపల్లి. బంగినపల్లి. అదిగో చెరుకు రసం" అంటూ పోయేవారు. సగం మాటలు గాలికి కొట్టుకుపోయేవి. కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి వంగి చూసేవాడు. అటువైపు సీట్లలో వాళ్ళు కూడా లేచి, కమ్మీ పట్టుకుని, ఆవిడ వేలు ఎటు తిరిగితే అటు తలలు తిప్పేవాళ్ళు.