మామ ట్రంపెట్‌లో గుడ్డపీలిక

మా మేళంలో వాయించడం వచ్చినవాళ్ళం ఎనిమిది మందిమే. పెళ్ళికి మాత్రం ఇరవై మందిమి పోయేవాళ్ళం. మిగిలిన పన్నెండు మందీ డమ్మీలు. చేవెళ్ల అడ్డా మీద పొద్దున్నే కూలికి నిలబడేవాళ్ళను పిలుచుకొచ్చి, ఎర్ర కోటు తొడిగి, టోపీ పెట్టి, చేతికొక పాత ట్రంపెట్ ఇస్తే సరి, బ్యాండువాడు తయారు. బుగ్గలు ఉబ్బించాలి, వేళ్ళు ఆడించాలి, ఊదకూడదు. ఊదొద్దంటే ఊరుకుంటారా! ఊరేగింపు ఊపులో ఎవడో ఒకడు బర్రుమనిపించి పాట మొత్తం పాడుచేసేవాడు. అందుకని డమ్మీ ట్రంపెట్ల గొంతులో గుడ్డపీలిక కుక్కేవాళ్ళం, బయటికి కనబడనంత లోతుకు, పుల్లతో పొడిచి. ఆ పని నాది.

అంతకుముందు మాకు డమ్మీల అవసరమే లేదు. మేళానికి మాస్టరు మా మామ, మా అమ్మకు తమ్ముడు. నాకు ట్రంపెట్ నేర్పింది ఆయనే. మేళానికి వచ్చింది వాటాలు వేసుకునేవాళ్ళం. డోలుకు ఒకటి, వెనక నిలబడే నా ట్రంపెట్‌కు ఒకటి, క్లారినెట్‌కు ఒకటిన్నర, ముందు నిలబడి పాట ఎత్తుకునే మాస్టరుకు రెండు. మూఢం వస్తే పెళ్ళిళ్ళుండవు. అప్పుడు బోనాలకో చావుకో పిలిస్తే పోవడం, లేదంటే బస్టాండు పక్కన మా కటింగ్ షాపులో గడ్డాలు గీయడం. అయినా షాబాద్ దాకా ఏ రైతింట్లో పెళ్ళి అనుకున్నా "మాస్టరు వస్తడా?" అనే అడిగేవాళ్ళు. ఎంతమంది వస్తారని అడిగినవాణ్ణి నేను చూడలేదు.

తరువాత సాఫ్ట్‌వేర్ డబ్బు వచ్చింది. అటు పట్నంలో అద్దాల మేడలు లేస్తుంటే ఇటు మొయినాబాద్ చేలు ఫామ్‌హౌస్‌లైపోయాయి, పెళ్ళిళ్ళూ అక్కడికే వచ్చాయి. మాతో మాట్లాడేది ఇంటివాళ్ళు కాదు, ఈవెంట్ మేనేజర్. ఆయన మా పాట ఒక్కటీ వినలేదు. "ఇరవై మంది ఉండాలె అన్నా. వీడియోల నిండుగ కనవడాలె," అన్నాడు, అంతే. తలకింత అని బేరం. డమ్మీల కూలి పోగా మిగిలింది మా ఎనిమిది మందిది. నిజం చెప్పొద్దూ, మునుపటికంటే బాగానే గిట్టింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మామ ముందు పళ్ళు ఊడాయి. మొదట ఒకటి, ఆరు నెలలు తిరగకుండానే మూడు. పళ్ళ దన్ను లేకపోతే పెదవి నిలవదు, పెదవి నిలవకపోతే ట్రంపెట్ పలకదు. ఆయన వెనక్కి జరిగాడు, నేను ముందుకొచ్చాను. రెండు వాటాలూ నావయ్యాయి. మా ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చింది. మేళం పెట్టిన మనిషి డమ్మీల వరసలో, డమ్మీల కూలికి నడిచాడు. ఒక్కటే తేడా, ఆయన ట్రంపెట్‌లో గుడ్డ పెట్టేవాళ్ళం కాదు. మాస్టరు ట్రంపెట్‌లో గుడ్డ కుక్కేంత ధైర్యం ఎవడికుంది?

రెండేళ్ళు అట్లా నడిచాక, కూలి డబ్బుల్లో మిగిల్చి ఆయన కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాడు. రోజూ తలుపేసుకుని సాధన చేసేవాడు. ఒకరోజు షాపుకొచ్చి అద్దంలో పళ్ళు చూసుకుంటూ చెప్పాడు:

"అల్లుడా, పండ్లు మంచిగ కూసున్నయ్. ఐతారం పెండ్లిల అప్పగింతల పాట నేనెత్తుకుంట. మంచిగొచ్చిందనుకో, మల్ల ముందట నిలవడ్త. రాలేదనుకో, ఇగ జిందగీల అడుగ."

"నీ జాగ నీదే మామా, నన్నడుగుడేంది?" అన్నాను. నోరైతే అన్నది గానీ, లోపల లెక్క మొదలైంది. మళ్ళీ ఒక్క వాటా. మళ్ళీ ఆయన వెనక.

ఆదివారం పొద్దున షాపు ముందర ట్రంపెట్లు వరసగా పెట్టుకుని గుడ్డలు కుక్కుతున్నాను. మామ తనది కూడా ఆ వరసలోనే పెట్టి చాయ్ తాగడానికి పోయాడు. ఒక్కొక్కటే చేతికొస్తున్నది, కుక్కుతున్నాను. మామది కూడా చేతికొచ్చింది, కుక్కేశాను. అలవాటులో జరిగిపోయిందని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. దాని అంచు మీద సొట్ట ఉంటుంది, చిన్నప్పటి నుంచి నా వేలికి తెలిసిన సొట్ట. పుల్లతో పొడుస్తున్నప్పుడు అది నా బొటనవేలి కిందే ఉన్నది.

తీసేద్దామనుకున్నాను. ఆయన చాయ్ తాగి వచ్చేశాడు. బండిలో చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా ఆ ట్రంపెట్ ఆయన ఒళ్ళోనే ఉన్నది, నేను పక్కనే కూర్చున్నాను. "మామా, జర ఇటియ్యి," అంటే అయిపోయేది. అనలేదు. ఆయన దాన్ని ఒక్కసారి ఊది చూసినా తెలిసేది. చూడడు. పెళ్ళింటి గడప తొక్కకముందు బాజా మోగొద్దని మాకు నియమం పెట్టినవాడే ఆయన. గడప దాటాక కూడా ఎదుర్కోళ్ళలో ఊదలేదు. అప్పగింతల కోసం పెదవి దాచుకుంటున్నానని నవ్వాడు.

మధ్యాహ్నం అప్పగింతల వేళ పాటల పెట్టె ఆపించారు. పిల్ల తాత షాబాద్ రైతు, మామను గుర్తుపట్టాడు. "ఏం మాస్టరూ, నా కొడుకు పెండ్లికి వాయించినోనివి నువ్వే గద! నా మనుమరాలికి గూడ వాయించు," అని చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చాడు. మామ మొహం వెలిగిపోయింది. టోపీ సర్దుకున్నాడు, కళ్ళు మూసుకుని ట్రంపెట్ ఎత్తాడు.

బుస్సుమన్నది.

పెదవి తుడుచుకుని మళ్ళీ ఊదాడు. లోపలెక్కడో పిల్లి మూలిగినట్టు సన్నగా ఏదో వచ్చి ఆగిపోయింది. మూడోసారి మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళ వెంట నీళ్ళు కారాయి, పళ్ళ సెట్టు జారి ట్రంపెట్‌కు తగిలి టక్కుమన్నది. పెళ్ళికొడుకు స్నేహితులు ఫోన్లు పట్టుకుని పకపకా నవ్వారు. ఏడవాల్సిన పిల్ల కూడా ఏడుపు ఆపి ఇటు చూసింది. ఈవెంట్ మేనేజర్ నాకు సైగ చేశాడు. నేను నాది ఎత్తి పాట అందుకున్నాను. ఛీ, నా బతుకు! ఆ రోజు వాయించినంత బాగా నేను మళ్ళీ ఎప్పుడూ వాయించలేదు. ఆడవాళ్ళు కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చారు. తాత నా జేబులో నోటు పెట్టి వెళ్ళాడు.

తిరుగు బండిలో మామ పళ్ళు తీసి రుమాలులో మూటగట్టి జేబులో వేసుకున్నాడు. "తే మామా, తుడుస్త," అని ట్రంపెట్ తీసుకుని, ఆయన బయటికి చూస్తుండగా పుల్లతో గుడ్డ లాగి నా గుప్పిట్లో దాచుకున్నాను. తడిసి ఉన్నది. అప్పుడైనా చెప్పి కాళ్ళ మీద పడొచ్చు. మామ నా వైపు తిరిగాడు.

"పండ్లు కావు అల్లుడా. గాలే పోయింది. నేనే సమజ్ చేసుకోలే. నువ్వు ఫికర్ చెయ్యకు, మస్తు వాయించినవ్."

ఇంటికి పోయాక ఆ పళ్ళు మళ్ళీ పెట్టుకోలేదు. అన్నం మెత్తగా పిసికి పాలు పోయించుకుని తినేవాడు. ఎందుకని అత్తమ్మ అడిగితే, ఇంక వాటితో పనేమున్నదన్నాడు.

పది రోజులకు ఇంకో ఫామ్‌హౌస్ పెళ్ళి వచ్చింది. షాపు ముందర కూర్చుని గుడ్డలు కుక్కుతున్నాను. మామ ఎర్ర కోటు వేసుకుని వచ్చాడు. ఈసారి వరసలో పెట్టలేదు, ట్రంపెట్ రెండు చేతులతో నాకే అందించాడు.

"దీంట్ల గూడ ఒక గుడ్డ పెట్టు బిడ్డా. పానం ఆగక నేనెప్పుడన్న ఊదిన్ననుకో, నీ పాట ఖరాబైతది."

ఆయన ఎదురుగా నిలబడి చూస్తుండగా, పెట్టాను.