తులసికోటలో ఎర్త్ తీగ

1978లో బందరులో నాకు చిన్న రేడియో రిపేరు షాపు ఉండేది. దివిసీమను ఉప్పెన ముంచేసి ఏడాది కూడా తిరగలేదు. మబ్బు పడితే చాలు, రేడియో ఉన్న ఇంటి ముందు జనం చేరేవారు.

ఆ వానాకాలంలో, చేపల వ్యాపారం చేసే నాంచారమ్మ కాలిపోయిన రేడియో తెచ్చి నా బల్ల మీద పెట్టింది. కిందటి నెలే అందులో ఏరియల్ కాయిల్ మార్చాను. మళ్లీ అదే కాయిల్ మాడిపోయింది.

"పాత కాయిలేసి పంపారేమో సాయిబు గారూ!"

నాకు ఒళ్లు మండింది. తప్పు తాము చేసి మెకానిక్ మీదకి తోసేసేవాళ్లు నాకు కొత్త కాదు. దగ్గర్లో పిడుగు పడితే ఏరియల్ తీగ వెంట కరెంటు ఒక్కసారిగా సెట్టులోకి దూసుకొస్తుంది. దాన్ని భూమిలోకి మళ్లించేదే లైట్నింగ్ అరెస్టర్. ఒకటి ఇచ్చి, దాని ఎర్త్ తీగను తడి మట్టిలో పాతమని చెప్పే పంపాను.

"ఎర్త్ పెట్టారా?"

"పెట్టామండి. రోజూ నీళ్లు కూడా పోస్తన్నాను."

రోజూ నీళ్లా! అంత శ్రద్ధ ఎవరికుంటుంది? అబద్ధం అక్కడే పట్టుకుందామని ఆ సాయంత్రం సైకిలేసుకుని సముద్రం పక్కన వాళ్ల పల్లెకు వెళ్లాను. అరెస్టర్ గోడకు బిగించే ఉంది. తీగ వెంట చూసుకుంటూ పోతే, చివర తులసికోటలో తేలింది.

"ఇదేంటమ్మా!"

"తడి మట్టన్నారుగా. మా ఇంట్లో ఎండాకాలంలో కూడా ఆరని మట్టి ఇదొక్కటే."

మట్టి తడిగానే ఉంది. కానీ కోట కింద సిమెంటు గచ్చు, ఆ తడి భూమికి అంటదు. కోటను నేను ముట్టుకోలేదు. ఆవిడే దండం పెట్టుకుని తీగ లాగింది. పెరట్లో గొయ్యి తవ్వించి, బొగ్గు, ఉప్పు వేసి, ఇనప గొట్టం దించి తీగ కట్టాను. అయినా నా అనుమానం పూర్తిగా తీరలేదు.

"ఉరుములప్పుడు ఏరియల్ పీకెయ్యమన్నాను. పీకారా?"

ఆవిడ మొహం తిప్పుకుంది.

"పీకలేదు. పీకను కూడా. కాయిల్ మాడిన రోజు నా కొడుకులిద్దరూ సముద్రం మీద వేటకెళ్లారు. ఉరిమినప్పుడే కదండీ నాకు వార్త కావాల్సింది? అప్పుడు పీకేసి, మబ్బులు పోయాక పాటలు వినమంటారా?"

"పిల్లలు వచ్చారా అమ్మా?" అని అడిగాను.

"వచ్చారు. వచ్చేదాకా నేను మనిషిని కాదు."

మర్నాడు షాపులో ఉన్న చిన్న ట్రాన్సిస్టర్ పట్టుకెళ్లి ఇచ్చాను. బ్యాటరీల మీద నడుస్తుంది, బయటి తీగలేవీ అక్కర్లేదు, ఉరుముతున్నా పెట్టుకోవచ్చు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఊరికే ఇస్తన్నారంటే ఇందులో ఏదో తిరకాసుంది" అంది.

అప్పటి నుంచి, పిడుగుకు కాలిన సెట్టు ఎవరు తెచ్చినా, ఎలా కాలిందని అడిగేముందు, ఆ వేళ ఎవరి కోసం పెట్టుకుని కూర్చున్నారని అడిగేవాణ్ణి.