ఎర్ర గీత, ఆకుపచ్చ గీత

పొద్దున్నే కలిస్తే మేమిద్దరం "బావున్నావా" అని అడిగేవాళ్లం కాదు. "ఎంత?" అని అడిగేవాళ్లం. నిద్ర లేచాక, మంచం దిగకముందు, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో చెప్పుకోవాలన్నమాట. నాది అరవై ఎనిమిదైతే ఆవిడది యాభై నాలుగు. రెండేళ్లపాటు ఆ తేడా చూసి నేను కుళ్లుకోలేదు, గర్వపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండేది అందుకే.

ఆవిడది బందరులో మా అపార్ట్‌మెంటులోనే, మా పై ఫ్లోరు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. చుట్టరికమేమీ లేదు కాని వచ్చిన మొదటి వారంలోనే అక్కా అని పిలిచాను, అదే నిలిచిపోయింది. నేను గుడివాడలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. రోజూ బస్సులో వెళ్లొస్తాను. కప్ప గుండెకి ఎన్ని గదులో, మనిషి గుండెకి ఎన్ని గదులో పిల్లల చేత బొమ్మలు వేయించడమే నా ఉద్యోగం. మా నాన్న మాత్రం యాభై దాటకుండానే గుండెపోటుతో పోయారు. నాకు నలభై నాలుగు నిండగానే ఆ భయం పట్టుకుంది. బీచ్ రోడ్డు మీద నడక మొదలుపెట్టాను, నడక కాస్తా పరుగైంది. ఒక్కదాన్నే వెళ్తానంటే ఇంట్లో ఒప్పుకోకపోతే తోడు వస్తానన్నది అక్కే. నాన్న సంగతి ఆవిడ ఒళ్లో తల పెట్టి ఏడ్చి మరీ చెప్పాను.

ఇద్దరం వాచీలు కొన్నాం, గుండె వేగం సరిగ్గా తెలియడానికి ఛాతీకి కట్టుకునే బెల్టులు కూడా కొన్నాం. ఎంతసేపు పరిగెత్తామన్నది ఒక్కటే చూస్తే సరిపోదని, అంతసేపూ గుండె ఎంత కష్టపడిందో కూడా చూడాలని చదివాను. గుండె వేగాన్ని ఐదు మెట్లుగా విడగొట్టి, ఏ మెట్టు మీద ఎన్ని నిమిషాలున్నామో గుణించి కూడితే ఆ రోజు మన మీద పడిన భారం వస్తుంది. వారం మొత్తం కూడాలి. మరుసటి వారం దాన్ని కొంచెమే పెంచాలి. మరీ ఎక్కువైపోతుంటే తగ్గించుకోవాలి. కాలేజీ నుంచి ఒక ప్రాక్టికల్ రికార్డు తెచ్చి, గ్రాఫ్ పేజీల్లో నా భారం ఎర్ర గీతతో, అక్కది ఆకుపచ్చ గీతతో వేసేదాన్ని. మా పరుగుకి ఒక గమ్యం కూడా పెట్టుకున్నాం. డిసెంబరులో అవనిగడ్డ నుంచి కోడూరులో అక్క పుట్టింటి దాకా ఆగకుండా పరిగెత్తాలి, ఇద్దరం కలిసి.

ఒకే రోడ్డు, ఒకే వేగం, పక్కపక్కనే అడుగులు. నా గుండె నూట యాభై ఎనిమిది, ఆవిడది నూట ఇరవై ఆరు. అంటే లెక్క ప్రకారం నేను అలిసిపోతున్నాను, ఆవిడ షికారు చేస్తోంది. అందుకని ఆవిడ దూరం వారంవారం పెంచాను, నాది తగ్గించాను. ఆవిడ ఆయాసం నాకు వినబడకపోలేదు. ఉప్పు కొఠార్లు దాటేసరికి నాకంటే గట్టిగా రొప్పేది. నేను చెవుల్ని నమ్మలేదు, వాచీని నమ్మాను. పైగా అపార్ట్‌మెంటులో కనబడ్డవాళ్లందరికీ చెప్పేదాన్ని, మా అక్కది ఇరవయ్యేళ్ల పిల్ల గుండె అని. ఆవిడ తల దించుకుని నవ్వేది. అది అణకువ అనుకున్నాను.

దూరం తగ్గించినా ఎర్ర గీత పైనే ఉంటుంటే నాకు నాన్న గుర్తొచ్చేవారు. వేసవి చివర్లో గుడివాడలో ఒక గుండె డాక్టరు దగ్గరికి వెళ్లాను. తోడు అక్కే వచ్చింది. బస్సులో నా చెయ్యి వదల్లేదు. ట్రెడ్‌మిల్ పరీక్షకు ముందు డాక్టరు గారు అడిగారు.

"గుండె వేగాన్ని తగ్గించే మాత్రలు ఏమైనా వాడుతున్నారామ్మా, బీపీకి గాని దేనికైనా గాని?"

"లేదండీ" అన్నాను. "అసలు నాకు ఎక్కువ కొట్టుకుంటుందనే వచ్చాను. ఈవిడ గుండె చూడండి, ఎంత బాగుంటుందో."

అక్క గోడ మీద క్యాలెండరు వైపు చూస్తోంది. ఆ చూపు అప్పుడు నాకేమీ చెప్పలేదు. పరీక్షలో ఏ లోపమూ లేదన్నారు, ఒక్కొక్కరి గుండె ఒక్కోలా కొట్టుకుంటుందన్నారు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన "మరి ముప్పై తేడా ఎందుకుంటుంది" అన్నాడు. నాకూ ధైర్యం చాల్లేదు. పరుగు మానేశాను.

డిసెంబరులో అక్క ఒక్కతే పరిగెత్తింది. నేను స్కూటీ మీద నీళ్ల సీసాలు పెట్టుకుని వెనకాలే వెళ్లాను. రోడ్డుకి అటూ ఇటూ కోతలవుతున్నాయి. సగం దూరం దాటాక ఆవిడ ఆగకుండానే చెయ్యి చాపింది.

"నా బ్యాగులో ఉప్పు గ్లూకోజు ప్యాకెట్టుంది, కలిపివ్వవే."

స్కూటీ ఆపి, డిక్కీ తెరిచి, బ్యాగు జిప్పు లాగాను. ప్యాకెట్టుతో పాటు మాత్రల స్ట్రిప్పు ఒకటి వచ్చింది. నాలుగు వాడినవి, ఆరు మిగిలినవి. ఆ పేరు నాకు బాగా తెలుసు. బీపీకి మా అత్తగారు వేసుకునేది అదే. అది మొదలుపెట్టాకే అత్తగారి నాడి అరవైకి దిగింది. స్ట్రిప్పు నా దగ్గరే పెట్టుకుని, ప్యాకెట్టు చింపి సీసాలో కలిపాను. మూత బిగించి, సీసా పట్టుకెళ్లి అక్క చేతికిచ్చాను. ఆవిడ పరుగు చెడగొట్టకూడదనుకున్నాను. నా పరుగు ఎవరు చెడగొట్టారో అప్పటికి తెలిసిపోయింది.

కోడూరులో ఆవిడ అన్నగారి ఇంటి ముందు వీధివాళ్లంతా చప్పట్లు కొట్టారు. యాభయ్యేళ్ల ఆడమనిషి అవనిగడ్డ నుంచి పరిగెత్తుకొచ్చిందని చెప్పుకున్నారు. అందరూ లోపలికి వెళ్లాక అరుగు మీద మేమిద్దరమే మిగిలాం. స్ట్రిప్పు తీసి మా మధ్యన పెట్టాను.

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడేళ్లు దాటింది."

అంటే మేం పరిగెత్తడం మొదలుపెట్టక ముందు నుంచీ.

"ఎందుకు చెప్పలేదక్కా?"

"మొదట్లో సిగ్గేసింది. ఈ వయసుకే బీపీయా అంటారని. అది వేసుకుంటే నాడి తగ్గుతుందని డాక్టరు చెప్పాడులే. తర్వాత నువ్వే అందరికీ చెప్పడం మొదలెట్టావు, అక్క గుండె అలాంటిది ఇలాంటిది అని. పుట్టి బుద్ధెరిగాక నన్నెవరూ దేనికీ అంత మెచ్చుకోలేదే. పోగొట్టుకోబుద్ధి కాలేదు."

"గుడివాడలో డాక్టరు గారు అడిగినప్పుడు?"

"నీకేం లేదనే అన్నాడుగా."

ఆ మాటకి నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నా చెయ్యి పట్టుకుని నా భయం మొత్తం చూసింది. ఒక్క మాట అంటే ఆ భయం అక్కడికక్కడే పోయేది. ఆరు నెలలు నేను ఇంట్లో కూర్చున్నాను, ఆవిడ రోజూ నా గుమ్మం ముందు నుంచే బూట్లు వేసుకుని వెళ్లింది. తప్పుడు లెక్కతో ఆవిడ చేత మోయలేనంత దూరం పరిగెత్తించానే అని ఇంకో వైపు దిగులు. మోసపోయింది నేను, కంగారు పడుతున్నదీ నేనే.

అంతలో నా మణికట్టు మీద వాచీ గుర్రుమంది. కదలకుండా కూర్చున్నా గుండె వేగం పెరిగితే అలా హెచ్చరిస్తుంది. చూసుకున్నాను. నూట ముప్పై ఒకటి.

ఆ చప్పుడు అక్కకీ వినబడింది. అలవాటు కొద్దీ తలెత్తి అడిగింది.

"ఎంత?"

వాచీ మీదికి కొంగు లాక్కున్నాను.

"డెబ్భై."

ఆవిడతో నేను చెప్పిన మొదటి అబద్ధం అది. వెంటనే నమ్మేసింది. నాకు కోపం తగ్గిందనుకుని, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, స్ట్రిప్పు తీసి బ్యాగులో పెట్టుకుంది. "లే, అన్నం తిందాం" అంది.