గురిమావ దుర్బిణీ

ఉదయం ఆరు దాటింది. రాత్రి మొదలైన వాన ఇంకా తెరిపివ్వలేదు. మూగబస్తా కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. ముందురోజు మధ్యాహ్నం తిన్నదే తిండి. గోధుమల గోడౌను తలుపు తోసేసరికి లోపలా అవే పరుగులు. పాతికేళ్లుగా అక్కడ మూటలు మోస్తున్నాడు. రోజుకు పది మాటలు మించి మాట్లాడడని తోటివాళ్లు ఆ పేరు పెట్టారు. పెళ్లాం పోయాక ఆ పదీ ఖర్చు కావడం లేదు.

అతనితో కబుర్లాడే మనిషి ఒక్కడే, గురిమావ. తిండిగింజల దగ్గర మందు పెట్టకూడదు గనక ఎలుకల్నీ పావురాల్నీ ఎయిర్ గన్నుతో కొట్టడం ఆయన కొలువు. గోడౌను వెనకున్న రేకుల గదే ఆయన ఇల్లు. అరవై దాటాయి. నా అన్నవాళ్లు లేరు. మూగబస్తాని మాత్రం అల్లుడూ అని పిలుస్తాడు.

"కూతురే లేదు కదా, నేను అల్లుణ్ణెట్లా అయ్యాను మావా?" అని ఒకసారి అడిగాడు మూగబస్తా.

"ఉంటే నీకిచ్చేవాణ్ణా? లేదు కాబట్టే ధైర్యంగా పిలుస్తున్నా."

ఆ ఉదయం గురిమావ ఎప్పటిలాగే తన రొట్టె తుంచి సగం పెట్టాడు. మిగతా సగం తను ముట్టలేదు. పైకి చూపించాడు. తుప్పు పట్టిన కప్పు రేకులో మూడు చిల్లులు. పావురాల్ని కొట్టబోయి తప్పిన గుళ్లు చేసినవి. వాటిలోంచి కారిన నీళ్లకు పైవరసలో ఆరు బస్తాలు తడిసి ముద్దయ్యాయి.

మేనేజరు వచ్చి చూశాడు. అరవలేదు. అరిచే మనిషి అరవకపోతేనే భయం. ఈ చీకట్లో గొట్టం కొసన ఉండే ఇనప గురి కంటికి ఆనడం లేదండీ అని గురిమావ సంజాయిషీ చెప్పుకున్నాడు. సోమవారం మేనేజరు ఒక అట్టపెట్టె తెచ్చి చేతిలో పెట్టాడు. లోపల తుపాకీకి బిగించే, లైటు వెలిగే దుర్బిణీ ఉంది. శనివారం తన ముందు ఐదు గుళ్లు కొట్టాలని, అవి అరచేతి వెడల్పులో పడితే కొలువు ఉంటుందని, లేకపోతే బోన్లూ పిల్లులూ చూసుకుంటామని, గది కూడా ఖాళీ చెయ్యాలని చెప్పి వెళ్లాడు.

ఆ సాయంత్రమే బిగింపు మొదలైంది. గురిమావ తుపాకీని రెండు బస్తాల మధ్య పసిపిల్లలా పడుకోబెట్టాడు. గొట్టం వెనకనున్న గాడిలో రెండు రింగులు కూర్చోబెట్టి, వాటిలో దుర్బిణీ ఉంచి, పైమూతల మరలు వేళ్లతోనే వదులుగా తిప్పాడు. ఎదుటి గోడకు దారంతో మేస్త్రీల తూకం గుండు వేలాడదీయించాడు. దుర్బిణీలో కనబడే నిలువు గీత ఆ దారం మీద సరిగ్గా కూర్చునేదాకా అటూ ఇటూ సర్దాలి. కూర్చుందో లేదో మూగబస్తా చేత చూపించాడు. ఆ తర్వాత మరలు. ఇటొకటి అటొకటి, పావు తిప్పు చొప్పున.

"ఒక వైపే బిగించావనుకో, పెళ్లిలో అలిగిన బావమరిదిలా మూతి వంకర పెట్టుకుంటుంది" అన్నాడు.

స్ప్రింగు తుపాకీ పొగరుబోతు గొడ్డు లాంటిది. పేలినప్పుడల్లా వెనక్కొక తాపు, ముందుకొక తాపు తంతుంది. ఆ తాపులకు దుర్బిణీ జారుతుంది. అందుకని వెనక రింగుకు అడ్డు పిన్ను దించి, రింగు మీంచి గాడి మీదికి పెన్సిలుతో ఒక గీత గీశాడు. గురిమావ ఇరవై గుళ్లు కాల్చాక ఇద్దరూ వంగి చూశారు. గీత తెగలేదు. ఏదీ కదల్లేదన్నమాట. గుళ్లు మాత్రం కాయితమంతా చెల్లాచెదరుగా పడ్డాయి.

లైటు మర మీద ఒకటి నుంచి ఐదు అంకెలున్నాయి. ఒకటిలో ఆయనకు ఏమీ ఆనలేదు. ఏకంగా ఐదుకు తిప్పాడు.

"దీపమే పాడు, అల్లుడూ. చుక్కంటే చుక్కలా ఉండాలి గానీ, దానిమ్మ గింజలు గుప్పెడు విసిరినట్టుందేంటి?"

మూగబస్తా కన్ను పెట్టి, మర రెండుకు తగ్గించాడు. గీతల కూడలిలో ఆవగింజంత ఎర్ర చుక్క చెదరకుండా నిలబడి ఉంది.

"నీకెన్ని కనబడుతున్నాయి?"

"ఒకటే మావా."

గురిమావ చాలాసేపు తుపాకీ తుడుస్తూ ఉండిపోయాడు. తుడవడానికి అక్కడేమీ లేదు. తర్వాత, నా కంటి మాట మనిద్దరి మధ్యే ఉండనీ అన్నాడు. మూగబస్తా తలూపాడు. అతని దగ్గర మాట దాచుకుంటే బావిలో రాయి వేసినట్టే.

మిగతా రోజులు ఇద్దరూ కలిసి ఒక ఉపాయం పట్టారు. లైటు ఆర్పేసి, మధ్యాహ్నం వెలుతురు పడే చోట తెల్ల కాయితం పెడితే నల్ల గీతలు ఆయనకు ఓ మోస్తరుగా ఆనేవి. గుళ్లు అరచేతిలోకి రాకపోయినా జానెడులోకి వచ్చాయి. శుక్రవారం ఐదు గుళ్లలో నాలుగు సరిగ్గా పడ్డాయి. ఆ రోజు గురిమావ రెండు రొట్టెలు తిన్నాడు.

శనివారం మధ్యాహ్నం వస్తానన్న మేనేజరు ముసురు పట్టిన సాయంత్రం వచ్చాడు. కాయితం తీసుకెళ్లి చీకటి మూలన పెట్టమన్నాడు. లైటు దుర్బిణీ తెచ్చింది చీకటి కోసమేగా అన్నాడు. కాదనడానికి ఏముంది? గురిమావ ఐదు గుళ్లు కొట్టాడు. రెండు కాయితానికే తగల్లేదు. దీపం చెదురుతోందండీ అన్నాడు. మేనేజరు మూగబస్తా వైపు తిరిగి, వారం రోజులు దాని పక్కనే ఉన్నావుగా, నువ్వు కొట్టు అన్నాడు.

మూగబస్తా తుపాకీ అందుకున్నాడు. కావాలని తప్పాలి. ఆ సంగతి అతనికి తెలుసు. కానీ పాతికేళ్లలో మూట తప్ప అతని చేతికి ఎవరూ ఏదీ ఇవ్వలేదు. మోసి మోసి బండబారిన భుజం తుపాకీని గోడలా పట్టుకుంది. చుక్క నిలబడింది. మొదటి గుండు నడిమధ్యన పడింది. రెండోది తప్పిద్దాం అనుకున్నాడు. అదీ దాని పక్కనే పడింది. మూడోదానికి అనుకోవడం కూడా మరిచిపోయాడు. ఐదూ అయ్యాక చూస్తే అన్నీ నిమ్మకాయంత చోటులో ఉన్నాయి. ఆ క్షణం అతనికి నవ్వొచ్చింది. ఆ నవ్వు గురిమావ చూశాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నాడన్నమాట పెద్దాయన" అన్నాడు మేనేజరు. సోమవారం నుంచి తుపాకీ నీదేనని మూగబస్తాకు చెప్పి వెళ్లిపోయాడు.

గురిమావ వచ్చి తుపాకీ తీసుకున్నాడు.

"బాగా కొట్టావు" అన్నాడు. అల్లుడూ అనలేదు.

ఆదివారం సెలవు. తెల్లారగానే మూగబస్తా ఏమీ తినకుండా చినుకుల్లో నడుచుకుంటూ గోడౌనుకు వచ్చాడు. గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాడు. మంచం మీద దుప్పటి లేదు, మేకుకు చొక్కా లేదు. నేల ఊడ్చి ఉంది. నూనె పెట్టిన తుపాకీ బల్ల మీద ఉంది. దుర్బిణీకి రెండు వైపులా మూతలు వేసి ఉన్నాయి. గేటు కాపలావాణ్ణి అడిగితే, ఇంకా చీకటుండగానే మూట చంకన పెట్టుకుని పోయాడని, ఎక్కడికని అడిగినా పలకలేదని చెప్పాడు.

మూగబస్తా ఖాళీ మంచం మీద కూర్చున్నాడు. తుపాకీ నేను పట్టను మావా, మేనేజరుతో చెప్పేస్తాను అని దారంతా కూడబలుక్కుంటూ వచ్చాడు. అతనికది చాలా పెద్ద మాట. అలాగే నోట్లో ఉండిపోయింది.